చిల్లులున్న ఆకే కొంటామని సంతకం

ఆకుకూర కొనడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా వీధిలో నాకు పేరు. కట్ట చేతిలోకి తీసుకోవడం, వెనక్కి తిప్పడం, మధ్యలో వేలు దూర్చి విడదీసి చూడడం, ఒక్క చిల్లు కనబడినా తిరిగి గంపలో పడేయడం, నచ్చింది దొరికాక ఇంకో చిన్న కట్ట కొసరు వేయించుకోవడం. ఇదంతా మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పెళ్ళయి గుంటూరు వైపు నుంచి దిల్‌సుఖ్‌నగర్ వచ్చేటప్పుడు మంచం, బీరువాలతో పాటు ఈ విద్య కూడా మోసుకొచ్చాను. దీని గురించి ఎవరైనా మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని. ఇప్పుడు ఎవరైనా ఆ మాటెత్తితే అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతాను.

మేము కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మొదటి అంతస్తులో, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. నేను దగ్గర్లోని ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. పురుగుమందుల వల్ల కలిగే నష్టాలు రాయమంటే మా పిల్లలు గుక్క తిప్పుకోకుండా రాసేవాళ్ళు. ఆ నోట్సు నేను చెప్పిందే. చెప్పేటందుకే నీతులు అని ఊరికే అనలేదు పెద్దలు.

పొద్దున్నే మా వీధికి గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ వచ్చేది. నల్లగొండ జిల్లాలో బోరు ఎండిపోయి, సేద్యం వదిలి, ఎల్బీనగర్ దాటాక ఒక బస్తీలో ఉంటున్న మనిషి. మధ్యాహ్నాలు మూసీ ఒడ్డున తోటల్లో ఆకుకూర కోసి కట్టలు కట్టే పని. కూలిలో కొంత కట్టల రూపంలోనే ఇచ్చేవారట, వాటినే పొద్దున మాకు అమ్మేది. వీధిలో అందరూ ఆమెను లీడరమ్మ అనేవారు. మొదట్లో అది వెక్కిరింపు. ఆమెకు జెండా లేదు, ఆఫీసు లేదు. కూలీల ఆటో ఆగే చోటే ఆమె మీటింగు. ఒకసారి తోటలో ఒకామెకు పాము కరిచి పనికి రాకపోతే కూలి కోశారని, తక్కిన ఆడవాళ్ళందరినీ గట్టు మీద కూర్చోబెట్టి, కోసిన ఆకు ఎండలో వాడిపోయేదాకా లేవనివ్వలేదట. ఆ తర్వాత లీడరమ్మ అనే పిలుపులో వెక్కిరింపు పోయింది.

ఆమె పెదవుల చివర ఎప్పుడూ తెల్లగా పొక్కి ఉండేది. విటమిన్లు తక్కువైతే అలా అవుతుందనీ, రోజూ ఆకుకూరలు తినమనీ నేనొకసారి ఉచిత సలహా ఇచ్చాను. ఆకుకూరలమ్మే మనిషికి! ఆమె గంప దించి, మెట్టు మీద కూర్చుని, పడీ పడీ నవ్వింది.

"ఇటమిన్లు కాదు టీచరమ్మా, మందు. పొద్దుగాల మందు కొడుతరు, పొద్దుమీకేసరికి కోయమంటరు. కట్ట ఎట్ల కడ్తమో ఎన్నడన్న చూసిన్రా?"

గంపలోంచి తోటకూర తీసి ఎడమచేత్తో గుప్పిట పట్టింది. తడి గడ్డిపోచ ఒక కొస పళ్ళ మధ్య పెట్టుకుంది. కుడిచేత్తో రెండో కొసను కాడల చుట్టూ తిప్పి, మెలిపెట్టి, తల ఒక్కసారి పక్కకు లాగింది. కట్ట బిగిసింది. రెప్పపాటు పని.

"గడ్డి ఆ ఆకుల మీదనే పడి ఉంటది. దినాం వందల కట్టలు. ఒక చెయ్యి ఆకుకు, ఒక చెయ్యి గడ్డికి, ఇంకో కొస ఎవరు పట్టాలె? నోరే పట్టాలె. మీరన్న కడుక్కొని తింటరు టీచరమ్మా. మేం కడగకుండ, వండకుండనే తింటున్నం."

అంత నోట్సు చెప్పినదాన్ని, ఇది నాకు తెలియదు.

అది తెలంగాణ ఉద్యమం నడుస్తున్న కాలం. వారంలో సగం బంద్‌లు, ఆపైన సమ్మెలు. బడికి తాళం. కోచింగ్ సెంటర్ల షట్టర్లు సగం దించి ఉండేవి. మా ఆయన ఆఫీసుకు వెళ్ళినా, వెళ్ళకపోయినా, నోరు జాగ్రత్త అని నాకు రోజూ చెప్పేవారు. రోడ్డు మీద మాట్లాడితే మా యాస పట్టేస్తారని, కూరగాయల దుకాణంలో నేను వేలు చూపించి కొన్న రోజులు కూడా ఉన్నాయి. భయం మా ఇద్దరిలో ఎక్కువ ఎవరికో చెప్పలేను. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అది కూడా చెప్పాలి.

లీడరమ్మ ఉద్యమం మనిషే. ఎల్బీనగర్ చౌరస్తాలో వేసిన దీక్షా శిబిరంలో తన ఆడవాళ్ళను తీసుకెళ్ళి కూర్చునేది. అక్కడ ఒకరోజు మైకు అడిగిందట. చేతులకు గ్లౌజులు, సబ్బు ఇవ్వాలి. మందు కొట్టాక వారం దాకా ఆకు కోయించకూడదు. పనిలో జబ్బు పడితే దవాఖానకు తోటలవాళ్ళే తీసుకుపోవాలి. ఈ మూడు మాటలు చెప్పుకుంటానంది. శిబిరం పెద్దమనిషి, "అక్కా, ముందు రాష్ట్రం రానియ్యి. ఆకుకూరల ముచ్చట తర్వాత చూద్దాం" అన్నాడట.

"తర్వాతనట టీచరమ్మా. రాష్ట్రమొచ్చేదాంక మందు ఆగుతదా? రేపు కూడ కోతకు పోవాలె నేను."

ఆమె తాను పనిచేసే తోట కౌలుదారును కూడా అడిగింది. ఆయనను వీళ్ళు పటేలు అంటారు. ఆయన చెడ్డవాడని ఆమె ఎప్పుడూ అనలేదు. "నాకేమన్న మందు మీద ముద్దా? పైసలు పెట్టి కొంటున్న. చిల్లు కనబడితె కొనేటోళ్ళు ముట్టరు. వాళ్ళను ముట్టుమను, రేపే బంద్ చేస్త" అన్నాడట. ఆ మాట పట్టుకునే ఆమె నా దగ్గరకొచ్చింది. గ్లౌజులూ సబ్బూ తానే కొట్లాడి తెచ్చుకుంటానంది. మందు సంగతి మాత్రం తన చేతుల్లో లేదంది.

"అది మీ చేతుల ఉన్నది టీచరమ్మా. మీ ఏళ్ళల్ల."

నా వేళ్ళ వైపు చూస్తూ అంది.

ఆ రాత్రే తెల్లకాగితం మీద నేను రాశాను. 'మందు కొట్టని ఆకుకూరకు చిల్లులున్నా సరే, మేము అదే కొంటాము.' బడి లేదు కనుక కావలసినంత తీరిక. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగాను. ఎదురింటి పిన్నిగారు మా వైపు వాళ్ళే. "ఇదేదో ఉద్యమం కాయితం కాదు కదా? సంతకం పెడితే రేపు ఇల్లు ఖాళీ చేయమనరు కదా?" అని మూడుసార్లు అడిగి పెట్టింది. కింది వాటాలో లారీ నడిపే నల్లగొండ ఆయన భార్య, "మా లీడరమ్మ కాయిదం నీ చేతుల ఎందుకున్నదక్కా?" అని అనుమానంగా చూసి పెట్టింది. మా ఆయన నిట్టూర్చి పెట్టారు. మొత్తానికి వీధి వీధంతా ఒక్క కాగితం మీదికి వచ్చింది. ఆ రోజుల్లో ఆంధ్రా వాళ్ళూ తెలంగాణ వాళ్ళూ కలిసి ఒకే కాగితం మీద సంతకం పెట్టడం నా ఘనతేనని నాకు నేనే శాలువా కప్పుకున్నంత పని చేశాను.

పటేలు కాగితం చూసి ఒప్పుకున్నాడు. రెండు మళ్ళు మందు కొట్టకుండా వదిలేస్తాననీ, కోతకొచ్చాక ఆ ఆకు ఎనిమిది రోజులు మా వీధిలోనే అమ్మాలనీ, ఆఖరి రోజు తానే వచ్చి చూస్తాననీ అన్నాడు. గంప ఖాళీ అయితే తోట మొత్తం కోతకు ముందు మందు మానేస్తాడు. మిగిలితే ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు.

మొదటి రోజు గంప దించినప్పుడు నాకే వెనక్కి తోసేయాలనిపించింది. జల్లెడలా ఉంది బచ్చలి. అయినా పైకి, "భలే ఉంది, పురుగు తిందంటే మనమూ తినొచ్చని అర్థం" అని ఉపన్యాసమిచ్చి అందరిచేతా కొనిపించాను. గంప ఖాళీ. లీడరమ్మ ముఖం వెలిగిపోయింది. రెండో రోజూ ఖాళీ, మూడో రోజూ ఖాళీ. కానీ మా సందు చివర ఉండే ఆవు ఆ వారం బాగా ఒళ్ళు చేసింది. ఎదురింటి పిన్నిగారు సంచీ పట్టుకుని అటు వెళ్ళడం నా కళ్ళతో చూశాను. చూసి, మనుషులకు మాట మీద నిలబడడం చేతకాదని మా ఆయన దగ్గర దులిపేశాను.

ఆరో రోజు మా ఆడబిడ్డ తన భర్తతో, అత్తగారితో దిగింది. అత్తగారి కళ్ళకు మలక్‌పేటలో ఎవరో డాక్టరు దగ్గర చూపించాలి. ఆ మధ్యాహ్నం పాలకూర పప్పు వడ్డించాను. ఆడబిడ్డ ముద్ద కలిపి, ఒక ఆకు ముక్కను వేలితో పైకెత్తి వెలుతురులో చూసింది.

"ఏంటి వదినా, హైదరాబాదులో పురుగులు తినగా మిగిలింది వండుకుంటారా?"

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు. నాకు చెవుల్లోంచి పొగలొచ్చాయి. పాతికేళ్ళ కిందట పెళ్ళి పందిట్లో నా వంట గురించి ఆమె అన్న మాటే ఇంకా అరగలేదు నాకు. లీడరమ్మ సంగతి, గడ్డిపోచ సంగతి అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. "అవునమ్మా, ఇవాళ సరిగ్గా చూసుకోలేదు" అన్నాను. అంతా వివరించి చెప్పడం కంటే, తప్పు ఒప్పుకోవడమే నాకు సులువనిపించింది.

ఎనిమిదో రోజు వాళ్ళ ప్రయాణం. దారికి గోంగూర పచ్చడి కలిపి కట్టి ఇస్తానని ముందే అన్నాను. గుంటూరు వాళ్ళకు గోంగూర పెట్టి పంపడమంటే ఆటా? మళ్ళీ ఎక్కడ వెలుతురులో పెట్టి చూస్తుందోనని, తెల్లారగానే లేచి మెయిన్ రోడ్డు మీద బండి దగ్గరికి వెళ్ళాను. నవనవలాడుతూ, ఒక్క చిల్లు లేని గోంగూర. ఆరు కట్టలు తీసుకున్నాను. అలవాటు కొద్దీ కొసరు కూడా అడిగాను. లీడరమ్మ వచ్చేలోగా ఇంట్లో పెట్టేసి, ఆమె దగ్గర కూడా నాలుగు కట్టలు కొనేస్తే ఎవరికీ నష్టం లేదని లెక్క వేసుకున్నాను. మందు కొట్టిన ఆకు మా ఆడబిడ్డకు పెడుతున్నానన్న ఆలోచన నాకు రానేలేదంటే నమ్ముతారా? రాలేదు. కనబడిందల్లా ఆ నిగనిగే.

వీధి మలుపు తిరిగేసరికి లీడరమ్మ ఆ వేళకే వచ్చేసి ఉంది. ఆ రోజు తొందరగా వచ్చిందట, సంబరం కొద్దీ. గంప నిండా గోంగూరే. వాళ్ళు పుంటికూర అంటారు. పక్కన స్కూటర్ మీద ఒక కాలు కింద పెట్టుకుని తెల్ల చొక్కా ఆయన. నన్ను చూడగానే లీడరమ్మ చెయ్యి ఊపింది.

"పటేలా, ఈమెనే మా టీచరమ్మ. సంతకాలన్ని ఈమెనే పెట్టిచ్చింది."

ఆయన మర్యాదగా నమస్కారం పెట్టాడు. నేను తిరిగి పెట్టాలంటే సంచీ చేయి మార్చుకోవాలి. ఆ మార్చుకోవడంలో ఆకులు పైకి వచ్చాయి. ఆయన చూశాడు. లీడరమ్మ చూసింది.

"బండి మీదిదా టీచరమ్మా?" అన్నాడాయన. గొంతులో ఎగతాళి లేదు.

"చుట్టాలొచ్చారండీ. పచ్చడికి..." అన్నాను.

"మంచిగున్నది ఆకు" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "గంప లేపవ్వా. సంతకం పెట్టిచ్చినామెనే కొనకపాయె, తక్కినోళ్ళ సంగతి నన్ను అడగకు" అన్నాడు. స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

గంప మొత్తం నేనే కొంటానన్నాను. ఆపమని, ఆయనను పిలవమని కూడా అన్నాను. లీడరమ్మ చుట్టకుదురు సర్దుకుంటూ, "చుట్టాలు ఆకలిగొంటరు, పోయి వండుర్రి" అంది. కోపం ఉంటే బాగుండేది. నేను పైకి వెళ్ళి పచ్చడి నూరాను. మా ఆడబిడ్డ వేళ్ళు నాకుతూ, ఇది కదా వదినా గోంగూర అంటే, అంది. ఆ మాట కోసమే కదా చేసిందంతా.

ఆ తర్వాత లీడరమ్మ మా వీధికి రావడం మానేసింది. నెల దాటాక, బంద్ లేని ఒక రోజు చూసుకుని, ఎల్బీనగర్ వెళ్ళి బస్తీలో అడుగుతూ ఆమె ఇల్లు పట్టుకున్నాను. రేకుల గది ముందు పెయింటు డబ్బాల్లో పుంటికూర మొక్కలు. నులకమంచం మీద ఆమె చెల్లెలు కూర్చుని స్టీలు గ్లాసును రెండు చేతులతో పట్టుకుని నీళ్ళు తాగుతోంది. గ్లాసు పళ్ళకు తగిలి టకటకమంటోంది. నీళ్ళు సగం ఒళ్ళోకే పోతున్నాయి.

పటేలు ఆ రెండు మళ్ళలోనూ మళ్ళీ మందు మొదలుపెట్టిన మూడో వారం, పొద్దున కొట్టిన మడిలో మధ్యాహ్నం కట్టలు కడుతూ ఆ చెల్లెలు పడిపోయిందట. నోట్లో గడ్డిపోచ అలాగే ఉందట. దవాఖానలో చాలా రోజులుంది. బతికింది, కానీ చేతుల వణుకు పోలేదు.

ఏమడగాలో తెలియక, "మంచి డాక్టరుకు చూపించారా?" అన్నాను. ఇంతకంటే పనికిమాలిన మాట ఇంకోటి ఉండదు. గోడవారగా కూర్చున్న చెల్లెలి భర్త నా మాట తీరు విని తల తిప్పాడు.

"గీ ఆంధ్రోళ్ళను నమ్ముకుంటె గిట్లనే అయితది" అన్నాడు.

నాకు సిగ్గుగా ఉన్నా, లోపల ఎక్కడో తేలికగా కూడా అనిపించింది. ఆంధ్రా మనిషిననే ఇలా జరిగిందనుకుంటే, నా తప్పు నా ఒక్కదానిది కాకుండా పోతుంది. ఎంత నీచమైన తేలికో! లీడరమ్మ దాన్ని కూడా నాకు ఉండనివ్వలేదు.

"ఆంధ్రోళ్ళు లేరు, తెలంగాణోళ్ళు లేరు మరిదీ. కొనేటోళ్ళు, గంతే. మన బస్తీ ఆడోళ్ళు కూడ నిగనిగలాడే ఆకే ఏరుకుంటరు" అంది. నాకు చాయ్ పెట్టి ఇచ్చింది. తాగాను. క్షమించమని అడగాలని వెళ్ళాను, అడగకుండానే తిరిగొచ్చాను.

రాష్ట్రం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డంతా గులాల్, టపాసులు. మమ్మల్నెవరూ ఖాళీ చేయమనలేదు. కింది వాటా ఆవిడ మిఠాయి తెచ్చి నా నోట్లో పెట్టింది. అది జరిగిన కొన్నాళ్ళకు, మేము బడంగ్‌పేట్‌లో కొన్న ఫ్లాటుకు సామాను సర్దుకుంటుంటే, లీడరమ్మ వచ్చింది. గంప లేదు, చేతిలో సంచీ. మేము వెళ్ళిపోతున్నామని వీధిలో ఎవరో చెప్పారట.

మెట్ల మీద కూర్చున్నాం. చెల్లెలు పడిపోయాక ఆడవాళ్ళంతా పదకొండు రోజులు పని ఆపారనీ, పటేలు దిగొచ్చి గ్లౌజులు, సబ్బు ఇచ్చాడనీ, దవాఖాన ఖర్చు పెట్టుకున్నాడనీ చెప్పింది. మందు మాత్రం ఆగలేదు.

"గ్లౌజులు చేతులకు గద టీచరమ్మా. నోటికి లేవు."

పెదవుల చివర ఇప్పటికీ తెల్లగానే ఉంది. సంచీలోంచి పుంటికూర తీసి నా ఒళ్ళో పెట్టింది. "మా డబ్బాలల్లది. మందు లేదు. కొత్తింటికి పోతున్రు, వండుకోన్రి."

నాకు ఏడుపొచ్చింది. ఈసారి క్షమించమని అడిగేశాను. ఆ రోజు నేను చేసింది తప్పని, చెల్లెలి చేతులు గుర్తొస్తే నిద్ర పట్టదని, అన్నీ చెప్పుకున్నాను. ఆమె వింటూ ఊ కొడుతోంది. ఒళ్ళో ఆకు ఉంటే ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు కదా, మెట్ల మీద సర్దిపెట్టిన సామానులోంచి ఒక పళ్ళెం పక్కకు లాక్కుని, మాట్లాడుతూనే ఒలవడం మొదలుపెట్టాను. చెప్పి చెప్పి ఆగి, ఆమె ఏమంటుందోనని ముఖం చూశాను. ఆమె నా ముఖం చూడడం లేదు, నా చేతులను చూస్తోంది.

నా కుడి పక్కన పళ్ళెంలో శుభ్రమైన ఆకులు. ఎడమ పక్కన, పారేయడానికి, మెట్టు మీద చిన్న కుప్ప. కుప్పలో ప్రతి ఆకుకూ చిల్లే.

ఆమె వంగి, ఆ కుప్పలోని ఆకులను ఒక్కటి కూడా వదలకుండా ఏరి, కొంగులో వేసుకుని ముడి వేసుకుంది. పోయొస్తానని చెప్పి మెట్లు దిగి వెళ్ళింది. పళ్ళెంలో మిగిలిన ఆకును ఆ పూట నేను వండాను.